పడినవాడు దోషియా? రోగియా?

వీరశైవునకు దీక్షాసమయమున గురువు ఇష్టలింగమును అరచేతిలో నుంచును. ఆ క్షణము మొదలు ఆ లింగము అతని దేహమును విడువదు. అతడు పొలమున దున్నుచున్నను, అంగడిలో త్రాసు పట్టుచున్నను, రైలుబండిలో దూరదేశమునకు పోవుచున్నను లింగము అతని వెంటనే యుండును. కనుక శరణుల మతమున దేహము అన్నపానములకు పాత్ర మాత్రమే కాదు. అది లింగమునకు నెలవు. ఇట్టి దేహమును మత్తు పదార్థములచే చెరచుకొనుటకు మనుష్యునకు హక్కు కలదా? చెరచుకొన్నవానిని అతని కుటుంబము, అతని సంఘము ఏమి చేయవలెను? మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. హక్కు లేదు. రెండవ ప్రశ్న మాత్రము మిక్కిలి కఠినమైనది. ఈ వ్యాసము దానిని గురించినది.

సామర్లకోటలోని కుమారారామ భీమేశ్వరాలయము పంచారామములలో నొకటి. తూర్పు చాళుక్య ప్రభువగు చాళుక్య భీముని పేరుతో ముడిపడి, వేయి సంవత్సరములకు పైబడిన చరిత్ర గల ఆలయ మది. అచ్చటి తెల్లని శివలింగము సుమారు 14 అడుగుల ఎత్తుగలది. క్రింది అంతస్తునుండి బయలుదేరి పై అంతస్తువరకు లేచినది. క్రింద నిలిచి చూచువానికి అడుగుభాగమే కనబడును. శిరోభాగమును దర్శింపగోరువాడు మెట్లెక్కి పైకి పోవలెను. క్రింద కనబడినదే లింగమంతయు ననుకొని వెనుదిరిగినవాడు సగము దర్శనముతో ఇంటికి పోయినవాడే. పడిపోయిన మనుష్యుని చూచునప్పుడు కూడ లోకము సాధారణముగా ఈ సగము దర్శనముతోనే తృప్తి పడుచున్నది.

క్రొత్త విషము

మత్తు సామర్లకోటకు క్రొత్త కాదు. ఆంగ్లేయుల పాలనాకాలమున ఈ ఊర నడిచిన కర్మాగారము పేరే దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ. ఒకే పేరులో చక్కెరయు, సారాయు కలిసియుండెను. ఒకే తీపి రసము ఒక గొట్టము వెంట ప్రసాదమునకు పనికివచ్చు చక్కెర యగును. మరియొక గొట్టము వెంట సంసారమును కూల్చు ద్రవమగును. వస్తువు ఒక్కటే, మనుష్యుడు దానిని త్రిప్పిన దారి వేరు. ఇక విజయవాడ, విశాఖపట్నముల నడుమ పెద్ద రైలుమార్గమున సామర్లకోట కూడలి. కాకినాడకు శాఖ ఇచ్చటనే చీలును. ఉత్తరపు మన్యములోని కొండలలో దొంగచాటుగా పండించిన గంజాయి ఈ మార్గమున తరలుచు పట్టుబడిన వార్తలు పత్రికలలో తరచుగా కనబడును.

కల్లు, సారా, గంజాయి అను పేర్లు ఊరి పెద్దలెల్లరకు తెలియును. మెథాంఫెటమిన్ అను పేరు వారిలో పెక్కురకు తెలియదు. కాని చదువులకు, ఉద్యోగములకు హైదరాబాదు, బెంగుళూరు పోవు వారి పిల్లలకు అది తెలియును. నగరములలో దానిని 'ఐస్' అనియు, 'క్రిస్టల్' అనియు ముద్దుపేర్లతో పిలుతురు. అది చూచుటకు పటికబెల్లపు ముక్కవలె నుండును. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కేంద్ర ప్రభుత్వము కొరకు జరిపిన పరిశీలన 2019లో వెలువడినది. దాని ప్రకారము 10 మొదలు 75 సంవత్సరముల వయస్సు గలవారిలో మద్యము వాడువారు నూటికి 14.6 మంది, ఈ జాతి ఉత్తేజక ద్రవ్యములు వాడువారు నూటికి 0.18 మంది. అనగా వెయ్యి మందిలో ఇద్దరికంటె తక్కువ. సంఖ్య చిన్నదని ఉపేక్షింపరాదు. ఆ ఇద్దరిలో ఒకడు తన కుమారుడైన తల్లికి ఆ లెక్క చిన్నది కాదు.

ఈ ద్రవ్యము ప్రకృతిలో పండినది కాదు. 1893లో జపాను దేశపు శాస్త్రజ్ఞుడు నగాయి నగయోషి ఎఫెడ్రిన్ నుండి దీనిని తయారు చేసెను. 1919లో అకిరా ఒగాటా అను మరియొక జపాను శాస్త్రజ్ఞుడు దీనిని స్ఫటిక రూపమునకు తెచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మనీ సైనికులకు 'పెర్విటిన్' అనియు, జపానులో 'ఫిలోపాన్' అనియు పేర్లతో దీని మాత్రలు అలసట తెలియకుండుటకై ఇయ్యబడినవి. యుద్ధము ముగిసెను, మాత్రలు మిగిలెను. ఓడిపోయి, కూలిపోయిన జపాను పట్టణములలో అవి వేలాది యువకులను పట్టుకొనెను. తుదకు ఆ దేశము 1951లో ప్రత్యేక చట్టము చేసి దానిని అరికట్టవలసి వచ్చెను. అలసిన దేహమునకు విశ్రాంతి నియ్యక, అలసట తెలియకుండ చేయుట మేలని తలచిన నాగరికతకు ఇది తొలి శిక్ష.

అది చేయు హాని

మనుష్యుని మెదడులో డోపమైన్ అను రసాయనము కలదు. ఆకలి గొన్నప్పుడు అన్నము దొరికినను, బిడ్డ నవ్వినను, చేపట్టిన పని నెరవేరినను అది కొద్దిగా స్రవించి, 'ఇది మేలు, మరల చేయుము' అని లోపల చెప్పును. మెథాంఫెటమిన్ ఈ రసాయనమును వరదవలె విడుచును. తిరిగి లోనికి చేర్చుకొను ద్వారములను గూడ చెడగొట్టును. వరద కొన్ని గంటలుండును. అది తీసిన పిదప మిగులునది బురద. అన్నము రుచింపదు, బిడ్డ నవ్వు కదలింపదు, పనియందు సంతోషముండదు. సంతోషమునకు దారి ఒక్కటే మిగులును. అది మరల ఆ పొడియే.

సంవత్సరముల తరబడి వాడినవానికి కలుగు హాని వైద్యులచే బాగుగా గుర్తింపబడినది. నిద్ర చెడును, శరీరము శుష్కించును, పండ్లు పుచ్చి రాలును, చర్మమున పురుగులు ప్రాకుచున్నట్లు తోచి గోకికొనుటచే పుండ్లగును. గుండె కండరము బలహీనపడును; రక్తపుపోటు పెరిగి చిన్న వయస్సుననే పక్షవాతము రావచ్చును. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, మంచిచెడ్డలు తూచి నిర్ణయించు శక్తి తగ్గును. కొందరికి ఎవరో తరుముచున్నట్లు, గోడల వెనుక తన్ను గూర్చి మాటాడుచున్నట్లు భ్రమలు పుట్టును. జపాను వైద్యులు మరియొక సంగతి గమనించిరి. మందు మానిన చాలకాలమునకు గూడ కొందరిలో తీవ్రమైన మనోవ్యథ కలిగినను, కొద్దిపాటి మోతాదు మరల తీసికొన్నను ఆ భ్రమలు తిరిగి లేచుచున్నవి. అనగా మానినవాడు పూర్వము పడని వానితో సమానుడు కాడు. మానిన గాయము గాయమే; దానిని జీవితాంతము కాపాడుకొనవలెను.

ఇంత చెప్పిన పిమ్మట ఆశకు తావు గలదా? కలదు. అమెరికాలో నోరా వోల్కో అను వైద్యురాలు, ఆమె సహచరులు 2001లో ఒక పరిశోధన ప్రకటించిరి. ఈ వ్యసనమునుండి బయటపడుచున్న ఐదుగురి మెదళ్లను వారు రెండుసార్లు చిత్రించిరి. మొదట మానిన ఆరు మాసములలోపున, మరల 12 మొదలు 17 మాసములు గడచిన పిదప. డోపమైన్‌ను లోనికి చేర్చుకొను ద్వారములు మెదడులోని ఒక భాగమున నూటికి 19 వంతులు, దాని ప్రక్క భాగమున 16 వంతులు తిరిగి పెరిగియుండెను. అయితే జ్ఞాపకశక్తి, చేతుల చురుకుదనము ఆ మేరకు బాగుపడలేదు. పరీక్షింపబడినవారు ఐదుగురే గనుక దీనిని అతిగా పొగడరాదు. అయినను రెండు సత్యములు ఇందు కలవు: దేహము తన్ను తాను బాగుచేసికొనగలదు, కాని అందులకు మాసములు కాదు, సంవత్సరమును మించిన కాలము కావలెను. ఈ రెండవ సత్యమే ఈ వ్యాసమునకు ఇరుసు.

రెండు తీర్పులు

ఒక కుటుంబమును ఊహింతము. తండ్రి సామర్లకోటలో చిన్న వ్యాపారము చేసికొనుచు, నిత్యము లింగార్చన చేయువాడు. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగి. ఒక సంక్రాంతికి వచ్చినప్పుడు కుమారుడు చిక్కియున్నాడు, రాత్రులు నిద్రపోడు, కిటికీ తలుపులు మాటిమాటికి వేయుచున్నాడు. పండుగ దాటిన మూడవనాడు తల్లి చేతిగాజు కనబడదు. అడిగిన బొంకును, బొంకు బయటపడిన ఏడ్చును, ఏడ్చిన మరునాడు మరల బొంకును. తండ్రి, 'వీడు నాకు కొడుకు కాడు' అనును. మేనమామ, 'బావా, తొందరపడకు. ఒక మంచి పిల్లను చూచి పెండ్లి చేసిన కుదుటపడును' అనును. వైద్యుడు, 'ఇది జబ్బు. కోపపడి లాభము లేదు' అనును.

ఈ ముగ్గురి మాటలలో మేనమామ మాట అన్నింటికంటె ప్రమాదకరమైనది. వ్యసనమును దాచి పెండ్లి చేయుట ఒక ఇంటి నిప్పును మరియొక ఇంటిపై వేయుట. తెలియక వచ్చిన ఆడపిల్లకు అది అన్యాయము. ఆమె తలిదండ్రులకు మోసము. లింగసాక్షిగా జరుగు వివాహమున అసత్యమును పునాదిగా వేయుట సదాచారమునకు విరుద్ధము. దీనిపై ఇంకను వాదింపనక్కరలేదు.

మిగిలినవి తండ్రి తీర్పు, వైద్యుని తీర్పు. తండ్రి చెప్పునది కొట్టివేయదగినది కాదు. మొదటిసారి ఆ పొడిని ముట్టినది ఎవరు? చేయి కుమారునిదే. ఎవరును కట్టిపెట్టి నోట పోయలేదు. తల్లి గాజు తీసినదియు ఆ చేయియే. దోషమన్నది లేదన్నచో పుణ్యమన్నదియు లేదు. అట్టి లోకమున కాయకమునకు గాని, ఆచారమునకు గాని అర్థముండదు. మనుష్యుని దోషి యనుట యొక విధముగ అతనిని గౌరవించుటయే. 'నీవు వేరువిధముగ చేయగలిగియుంటివి' అని అతని శక్తిని ఒప్పుకొనుట.

వైద్యుడు చెప్పునదియు కొట్టివేయదగినది కాదు. 'మనస్సు గట్టి చేసికొని మానుము' అని పెద్దలు చెప్పుదురు. కాని ఈ వ్యాధి పట్టునది సరిగా ఆ మనస్సునే. కాలు విరిగినవానిని 'నడిచి ఆసుపత్రికి రమ్ము' అనుట ఎట్టిదో, నిర్ణయశక్తి విరిగినవానిని 'నిర్ణయించుకొనుము' అనుట అట్టిది. మానవలెనను కోరిక అతనియందు లేకపోలేదు; దానిని నిలుపుకొను బలము లేదు. ఉదయము ఒట్టు పెట్టుకొన్నవాడు సాయంకాలమునకు తప్పినయెడల, ఉదయపు ఒట్టు అబద్ధమని అనుకొనరాదు.

ఈ రెండు తీర్పులును సత్యములే యైనచో వానిని కలుపుట ఎట్లు? కాలమును విభజించుటచే కలుపవచ్చును. మొదటి అడుగు తప్పటడుగు; అది దోషము. సరియైన జ్ఞానము లేక, స్నేహితుల ఒత్తిడికి లోబడి చేసిన దోషమైనను దోషమే. నడిమి కాలము దాస్యము. ఆ కాలమున అతడు ప్రధానముగ రోగి. అప్పుడు చేసిన దొంగతనమునకు, బొంకునకు బాధ్యత పూర్తిగా పోదు. కాని దానిని తీర్చుకొను సామర్థ్యము అతనికి చికిత్స పిదపనే వచ్చును. ఇక మూడవది లేచు కాలము. ఇచ్చట అతడు రోగియు, బాధ్యుడును ఒక్కమారే. పడినందుకు అతనిని జీవితమంతయు శిక్షించుట అన్యాయము. లేచుటకు చేయూత దొరికిన పిదప లేవనని కూర్చున్నచో అందుకు మాత్రము అతడే జవాబుదారి. కావున అతనిని అడుగవలసిన ప్రశ్న 'ఏల పడితివి?' అనునది కాదు. 'నేడు ఏమి చేసితివి?' అనునది.

దేశపు చట్టము గూడ ఇంచుమించు ఈ విభజననే ఒప్పుకొన్నది. 1985లో వచ్చిన మాదక ద్రవ్యముల నిరోధక చట్టము అమ్మువారికి కఠిన శిక్షలు విధించినది. కాని అందలి 64ఎ విభాగము వేరొక మాట చెప్పును. వాడినందుకో, కొద్ది పరిమాణము దగ్గర నుంచుకొన్నందుకో నేరము మోపబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చికిత్సాలయమున చేరినయెడల, అతనికి ఆ విచారణనుండి రక్షణ లభించును. చికిత్సను మధ్యలో విడిచినచో ఆ రక్షణ పోవచ్చును. కరుణయు, షరతును ఒకేచోట నుంచిన ఈ మాట ధర్మమునకు దూరము కాదు.

శరణుల మార్గము

12వ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారిగా నుండి శరణులను చేర్చినప్పుడు, వచ్చినవారిని 'నీవు నిన్న ఎవడవు?' అని అడిగి త్రిప్పి పంపలేదు. చాకలి వృత్తివాడు, పడవ నడుపువాడు, చెప్పులు కుట్టువాడు అనుభవ మంటపమున సమానముగ కూర్చుండిరి. వారిలో హెండద మారయ్య యొకడు. కన్నడమున హెండ మనగా కల్లు. అతడు కల్లు వృత్తివాడు. ఆ వృత్తి పేరు అతని పేరునుండి తొలగింపబడలేదు; శరణుల నడుమ అతడు ఆ పేరుతోనే నిలిచెను. అతడు వచనములు చెప్పినప్పుడు కల్లు, కుండ, మైకము అను తన వృత్తి మాటలనే ఆత్మజ్ఞానమునకు ఉపమానములుగా త్రిప్పెను. మైకమునెరిగినవాడు మైకమును గూర్చి చెప్పిన మాటకు కలుగు బలము ఇతరుల ఉపదేశమునకు రాదు. పడి లేచినవానిని సంఘము దాచిపెట్టినచో ఈ బలమును పోగొట్టుకొనును.

మరియొక మారయ్య కలడు. అతడు ఆయ్దక్కి మారయ్య. నేలపై రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట అతని కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చు దానికంటె హెచ్చుగా తెచ్చెనట. భార్య లక్కమ్మ అది చూచి, హెచ్చు బియ్యమును తెచ్చినచోటనే విడిచి రమ్మని పంపెనని శరణుల కథ. ఆమె భర్తను ఇంటినుండి గెంటలేదు. 'పోనిమ్ము, తెచ్చినావుగదా' అని సర్దుకొనలేదు. అతని తప్పును అతని చేతనే దిద్దించెను. వ్యసనపరుడున్న ఇంటికి ఇంతకంటె మంచి పాఠము లేదు. గెంటుట యొక తప్పు. దాచుట మరియొక తప్పు. ఈ రెంటికి నడుమ నున్న ఇరుకు త్రోవయే ధర్మము.

పంచాచారములను ఈ దృష్టితో చూచినచో అవి చికిత్సకు సహాయకములుగ కనబడును. లింగాచారము దినమున కొన్ని నిమిషములైనను చూపును, మనస్సును ఒక్కచోట నిలుపుట నేర్పును. సదాచారము నిజాయితీగల సంపాదనను, సత్యమును కోరును. శివాచారము పడినవానిని గూడ సమానునిగా చూడుమనును. గణాచారము సంఘము తనవారిని కాపాడుకొనవలెనని చెప్పును. భృత్యాచారము వినయమును నేర్పును. 'నేనొక్కడనే దీనిని గెలువగలను' అను గర్వమే తిరిగి పడుటకు మొదటి మెట్టు. అయితే ఇవి వైద్యమునకు బదులు కావు. లింగధారణ చేసి మందు మానిపించుట భక్తి కాదు; అది భక్తి పేరిట అజ్ఞానము.

లేచు దారి

గోదావరి డెల్టా ప్రజలకు కాలువల కట్టివేత తెలియని సంగతి కాదు. వేసవిలో దవళేశ్వరము వద్ద కాలువలకు నీరు నిలిపివేయుదురు. కళకళలాడిన కాలువ ఎండి, బురద బయటపడి, చూచుటకు వికారముగ నుండును. అప్పుడే పూడిక తీయుదురు, గట్లు పోయుదురు, లాకుల తలుపులు బాగుచేయుదురు. ఎండిన కాలువను చూచి రైతు పొలము అమ్ముకొని పోడు. తొలకరికి నీరు వచ్చునని అతనికి తెలియును. వ్యసనము మానిన తొలి మాసములు ఇట్టి కట్టివేతకాలము. మానినవెంటనే మనుష్యుడు బాగుపడినట్లు కనబడడు; మునుపటికంటె హీనముగ కనబడును. ఈ సంగతి తెలియని కుటుంబమే ఆ సమయమున ఆశ వదలుకొనును.

మొదటి వారము పది దినములు అతడు రోజంతయు నిద్రించును. విపరీతముగ ఆకలి గొనును. లోకమంతయు శూన్యముగ తోచును. కొందరికి ప్రాణము తీసికొనవలెనను తలంపు గూడ కలుగును. కనుక ఆ దినములలో ఒంటరిగ విడువరాదు. వైద్యుని పర్యవేక్షణ అవసరము. పిదప నిద్ర కుదిరినను, ఆ పొడిపై ఆశ మాసముల తరబడి అలలుగ వచ్చును. పాత స్నేహితుడు కనబడినను, జీతము చేతికి వచ్చిన దినమైనను, ఆ గది తలుపు చూచినను ఆ ఆశ లేచును. ఒక అల సాధారణముగ కొద్ది సేపటిలో తగ్గును. ఆ కొద్ది సేపు ఎవరితోనైన మాటాడుచుండుటయో, చేతికి పని చెప్పుటయో అతనిని కాపాడును.

మద్యమునకు, నల్లమందునకు ఉన్నట్లు ఈ వ్యసనమునకు ప్రత్యేకముగ ఆమోదింపబడిన మందు లేదు. నాల్ట్రెక్సోన్, బుప్రోపియాన్ అను రెండు మందులను కలిపి అమెరికాలో చేసిన పరీక్ష ఫలితములు 2021లో వెలువడినవి. వానిచే మేలు పొందినవారు నూటికి 13.6 మంది, మందు లేని సూదిని, మాత్రను పొందినవారిలో 2.5 మంది. మేలు కలదు గాని స్వల్పము. ఇంతవరకు మిక్కిలి పనికివచ్చినట్లు రుజువైనది మాటలతో, నడవడితో చేయు చికిత్సయే. అందొక పద్ధతి ఇట్లుండును: మూత్రపరీక్షలో మందు కనబడని ప్రతిసారి రోగికి చిన్న బహుమానము నిత్తురు, వరుసగా నిలిచినకొలది బహుమానము పెరుగును. పెద్దలకు ఇది బాలక్రీడవలె తోచవచ్చును. కాని ఆలోచింపుడు: సంతోషమునకు గల సహజమైన దారులు పూడిపోయినవానికి, మంచిపనికి వెంటనే మేలు కలుగునని మరల నేర్పుటయే ఇందలి రహస్యము. పూడిక తీయుటకు చిన్న పారయే వాడవలెను.

కాయకము విలువ ఇచ్చటనే తెలియును. కాయకము డబ్బు కొరకు మాత్రమే కాదు. దినమునకు ఒక ఆకారము నిచ్చునది అది. ఉదయము లేవవలసిన కారణము, చేతులకు పని, సాయంకాలమునకు 'నేడు ఇది నెరవేరినది' అను చిన్న తృప్తి. మెదడు తిరిగి నేర్చుకొనవలసినది సరిగా ఈ చిన్న తృప్తినే. కనుక కుమారుడు ఇంటికి వచ్చిన పిమ్మట అతనిని మంచమునకు అప్పగించి 'విశ్రమింపుము' అనుటయు, మొదటివారముననే పెద్ద ఉద్యోగమునకు తరుముటయు తగవు. దేహము కోలుకొన్నకొలది చిన్న పని, నియమిత వేళ, ఒకరికి జవాబు చెప్పుకొనవలసిన బాధ్యత: ఇంతమాత్రము చాలును. జీతమును కొంతకాలము మరియొకరి చేతికి అప్పగించుట అతనికి అవమానము కాదు. అతనే కోరి చేయవలసిన ఏర్పాటు.

దాసోహమును గూర్చియు ఒక భ్రమ కలదు. అడిగినవానికి ఇచ్చుట దాసోహమని తలచి, 'ఈ ఒక్కసారికే' అని కన్నీటితో అడుగు బిడ్డకు తల్లి డబ్బిచ్చును. ఆ డబ్బు బిడ్డకు చేరదు. పొడి అమ్మువానికి చేరును. అన్నము పెట్టుట, వైద్యశాలకు తీసికొనిపోవుట, ప్రక్కన కూర్చుండుట దాసోహము. చేతిలో రొక్కము పెట్టుట, అప్పులవారికి అతని తరఫున బొంకుట దాసోహము కాదు. ఇచ్చుటకును, ఇయ్యకుండుటకును సమానమైన ప్రేమ కావలెను. ఇయ్యకుండుటకు కొంచెము హెచ్చుగ కావలెను.

సామర్లకోటకు కొద్ది దూరముననున్న కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. వ్యసన విముక్తికై దేశవ్యాప్తముగ 14446 అను ఉచిత ఫోను సంఖ్యయు, మనోవ్యాధులకై టెలీ మానస్ వారి 14416 అను సంఖ్యయు పనిచేయుచున్నవి. లోకము వినునని సిగ్గుపడి ఈ తలుపులు తట్టకుండుట వలన పోయిన ప్రాణములకు సిగ్గు తిరిగి ప్రాణము పోయదు.

ఓర్పునకు హద్దు

ఇంత ఓర్పు చూపినచో పడినవాడు మరింత పడడా, చూచినవారు గూడ 'మనలనెవరు ఏమనెదరు?' అని ఆ దారి పట్టరా అని కొందరు అడుగవచ్చును. ఈ శంక న్యాయమైనది. దీనికి ఆంధ్రదేశ చరిత్రయే కొంత సమాధానము చెప్పును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొనుచున్న సామాన్య స్త్రీలు సారా దుకాణముపై లేచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతయు వ్యాపించెను. 1993లో ప్రభుత్వము సారా నిషేధించెను; 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలింపబడెను. ఆ తల్లుల ధైర్యము వృథా కాలేదు. కాని దుకాణము మూయుట యొక పని, త్రాగువానిని లేపుట మరియొక పని అని ఆ చరిత్ర తెలిపినది. మొదటిది చట్టము చేయగలదు. రెండవది చట్టమునకు సాధ్యము కాదు. ఇంటికి, సంఘమునకు మాత్రమే సాధ్యము.

కావున కాఠిన్యమును, ఓర్పును వాని వాని స్థలములందుంచవలెను. అమ్మువానియెడల కాఠిన్యము. అబద్ధముయెడల కాఠిన్యము. ఇంట హింస జరిగినచో, స్త్రీలకు, పిల్లలకు ప్రమాదమున్నచో వారిని ముందు కాపాడుట ధర్మము. ఆ రక్షణను రోగిపట్ల జాలి కొరకు వదలుకొనరాదు. కాని పరీక్షకు ఒప్పుకొని, పని పట్టుకొని, తిరిగి జారినప్పుడు దాచక వచ్చి చెప్పినవానియెడల ఓర్పు. జారుట ఈ వ్యాధిలో సామాన్యము. మధుమేహ రోగికి రక్తమున చక్కెర మరల పెరిగినంతమాత్రమున వైద్యుడు అతనిని వెలివేయడు; చికిత్సను సరిదిద్దును. జారినవాడు తొలి మెట్టుకు పోయినట్లు కాదు. ఎక్కిన మెట్లను గూర్చిన జ్ఞానము అతనితోనే యున్నది.

ఓర్పు ఎంతకాలము? దేహము కోరునంత కాలము. మెదడులోని ద్వారములు కొంతమేరకైనను తిరిగి తెరచుకొనుటకు సంవత్సరమునకు పైగా పట్టుచున్నదని పరిశోధన సూచించుచున్నది. మూడు మాసములకే 'ఇంకను మారలేదు' అని తీర్పు చెప్పు తండ్రి, ప్రకృతి ఇయ్యని గడువును కుమారునిపై విధించుచున్నాడు. విత్తిన నాడే పంట అడుగువాడు రైతు కాడు. సంఘము చేయగల అతిపెద్ద దాసోహము ఇదియే: ఆ సంవత్సర కాలమున పేరు పెట్టి పిలుచుట, పంక్తిలో కూర్చుండబెట్టుట, పని చెప్పుట, పని చేసినప్పుడు 'బాగుగ చేసితివి' అనుట. వీనిలో ఒక్కదానికిని డబ్బు అక్కరలేదు. ఓర్పు మాత్రమే కావలెను. డబ్బు కంటె అది అరుదైనది గనుకనే పడినవారిలో పెక్కుమంది లేవలేకపోవుచున్నారు.

మహాశివరాత్రినాడు కుమారారామమునకు వచ్చు వేలాది జనములో ఇట్టివాడొకడు ఒక స్తంభము నీడన ఒదిగి నిలిచియుండవచ్చును. చిక్కిన ముఖము, పుచ్చిన పండ్లు, దింపిన చూపు: ఇది క్రింది అంతస్తున కనబడు భాగము. అతని మెడయందు ఇష్టలింగము ఇంకను వ్రేలాడుచునే యున్నది; అతడు దానిని మరచినను అది అతనిని విడువలేదు. అతడు దోషియా, రోగియా అని తూచుచు నిలిచిపోయిన సంఘము క్రింది అంతస్తుననే నిలిచిపోయినది. అతని చేయి పట్టుకొని ఒక్కొక్క మెట్టే ఎక్కించువాడు శరణుడు. ఎక్కునది ఇద్దరును, దర్శనము గూడ ఇద్దరికిని.

శరణు శరణార్థి.